గిన్నె వేరు చెయ్యలా

మా ఇంట్లో నేను ముందు మానింది మాంసం కాదు, పాలు. ఈ ముక్క ముందే చెప్పకపోతే నేను రాయబోయేదంతా తప్పుదారి పట్టుద్ది. మాదిగింటి కోడలు, టీచరు ఉద్యోగం చేసేది, తిండి మార్చుకుందంటే మాంసం మానేసి ఉంటదనీ, నాలుగక్షరాలు రాంగానే బాపనోళ్లలో కలవాలని చూస్తందనీ అనుకోవడం మామూలే. మా వాళ్లూ అట్టాగే అనుకున్నారు, ఊళ్లో వాళ్లూ అట్టాగే అనుకున్నారు. మా వాళ్లు బాధపడ్డారు. ఊళ్లో వాళ్లు సంతోషపడ్డారు. ఆ బాధ కంటే ఈ సంతోషమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నేను ప్రకాశం జిల్లా పొదిలి దాపున ఒక మాదిగ గూడెంలో 1989లో పుట్టా. మా తాతది తోలు పని. మా నాయన పొగాకు బ్యారన్ల దగ్గర కూలికి పోయేవాడు. అమ్మది కలుపు, కోత, ఏ పని దొరికితే ఆ పని. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకుని, బీఎస్సీ చేసి, బీఈడీ చేసి, 2012 డీఎస్సీలో జీవశాస్త్రం టీచరుగా ఎంపికయ్యా. మా ఇంటిపేరున్న వాళ్లలో డిగ్రీ కాయితం చూసిన మొదటిదాన్ని నేనే.

మా గూడెంలో పాల సంగతి చెబుతా. మా అవ్వ అమ్మ పాలు తప్ప మరో పాలు సరిగ్గా ఎరగదు. జొన్న సంకటి, గోంగూర, చింతపండు పచ్చిపులుసు, చేలో దొరికిన చెంచలాకు, గురుగాకు, రోట్లో నూరిన ఎర్రగడ్డ కారం. నెలలో ఇరవై అయిదు రోజులు ఆమె తిండి ఇదే. ఊళ్లో గొడ్డు చచ్చిన రోజు, సంతలో పెద్దకూర కొన్న రోజు పండగ. మిగిలిన మాంసం తునకలు కోసి దండెం మీద ఎండేసి వానాకాలానికి దాచుకునేవాళ్లం. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయనా, ఆయన తోటివాళ్లు కొందరూ పాలు, గుడ్లు, మాంసం ఏవీ ముట్టని వాళ్లకు ‘వీగన్’ అని ఒక పేరు పెట్టారు. మా అవ్వ ఆ పేరు వినకుండానే పోయింది. లేక తిననిదానికి ఎవరూ పేరు పెట్టరు. ఉండి మానినదానికే పేరు.

గూడేనికి పాలు రాలేదు గానీ పాల వెనక ఉన్న పని మాత్రం గూడేనికే వచ్చేది. ఆ పని ఏందో చదువుకున్న వాళ్లకు కూడా చాలామందికి తెలవదు.

గేదె ఈని పెయ్యదూడ పుడితే రైతు ఇంట్లో సంబరం. అది రేపు పాలిస్తది. మగదూడ పుడితే దాని బతుకు అప్పటికే అయిపోయినట్టు. ఎనకటి రోజుల్లో దున్నపోతులు అరకకో బండికో పనికొచ్చేవి. ట్రాక్టర్లు వచ్చాక వాటితో పని లేకుండా పోయింది. గేదె చేపుకు రావడానికి దూడను ఒక్క క్షణం పొదుగు దగ్గరికి వదిలి, నోట్లో నురగ రాకముందే లాగి గుంజకు కట్టేసేవాళ్లు. నెల తిరక్కముందే ఎముకలు తేలి అది చచ్చేది. దూడ పోయిన గేదె చేపదు. పొదుగు బిగబట్టుకుని తంతది. అప్పుడు గూడేనికి కబురొచ్చేది.

మా తాత దబ్బనం, కత్తి తీసుకుని పోయేవాడు. తల విడిపోకుండా, కాళ్లు తెగకుండా దూడ తోలు ఒలిచి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి, కాళ్లలోకి నాలుగు కర్రలు దిగేసి కుట్టేవాడు. దాన్ని తీసుకుపోయి గేదె ముందర నిలబెడితే అది వాసన చూసి నాకేది. ఉప్పు రుచికో, బిడ్డ వాసనకో, నాకీ నాకీ చేపేది. కింద చెంబు నిండేది. ఈ పనికి కూలి ఆ దూడ మాంసం, రెండు మానికెల జొన్నలు. చెంబులో పాలు చుక్క కూడా మాకు కాదు.

నాకు ఏడేళ్లప్పుడు తాత వెంట ఒక దొడ్డికి పోయా. గేదె ఆ గడ్డిదూడను నాకతా వుంటే తాత నన్ను అవతలికి తిరగమన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు, “పాపం, అది నిజంగా దూడే అనుకుంటందా తాతా” అని అడిగా. “ఎరగదనుకున్నావా? ఎరుగుద్ది. ఎరిగీ చేపుద్ది” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాదు. పొలాల గట్ల మీద కూలికి పోయే మా అమ్మను చూసినప్పుడు మాత్రం కొంచెం అర్థమైనట్టు ఉండేది.

ఆ పాలు తోడేసి, చిలికి, వెన్న కాచి, ఆ నెయ్యితో దేవుడి ముందు దీపం పెట్టేవాళ్లు. ఆ నెయ్యి పవిత్రం. ఆ దూడను మోసుకొచ్చిన మా తాత అంటరానోడు. ఆ మాంసం తిన్న మేము మైల. ఒకే దూడ. దాని వాటా పాలు ఊళ్లోకి పోతే శుద్ధి, దాని శవం గూడేనికి వస్తే అశుద్ధి. కులం ఎట్టా పని చేస్తదో నాకు ఏ పుస్తకమూ ఇంత బాగా చెప్పలా.

ఆ రోజే నేను పాలు మానేశానని రాస్తే బాగానే ఉంటది. కానీ మానడానికి మా ఇంట్లో పాలు ఎక్కడివి? మా నాయనకు పాలచుక్క దొరికేది హోటలు టీలోనే. ఆ గ్లాసు హోటలు చూరులో విడిగా ఉండేది. తీసుకుని, టీ పోయించుకుని, తాగి, కడిగి, మళ్లా చూరులో పెట్టి రావాలి. అప్పటి మా జిల్లాలోనే, నేను పుట్టడానికి నాలుగేళ్ల ముందు, 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ గొడవ మాదిగలు తాగే చెరువు నీళ్లలో గేదెల మురికి కలపొద్దన్న మాట దగ్గర మొదలైంది. ఊళ్లో గేదెకున్న మర్యాద మాకు లేదు. అట్టాగని గేదెకు మాత్రం ఏం మర్యాద ఉంది? ఆవుకు గుడి కడతారు, గేదె పాలు తాగుతారు, గేదె బిడ్డను గుంజకు కట్టి ఎండగడతారు.

ఉద్యోగం వచ్చాక, మొదటి జీతం నెల నుంచీ మా ఇంటికి రోజూ అర లీటరు పాల పాకెట్ వచ్చేది. మా అత్త ఆ పాకెట్‌ను చేత్తో పట్టుకుని నలుగురికీ కనపడేట్టు బజార్లో నడిచేది. నేను ఆమెను ఎగతాళి చెయ్యను. మూడు తరాలు పాల వెనక చాకిరీ చేసిన ఇంటికి పాలు రావడం చిన్న సంగతి కాదు. అందుకే నేను మానింది లేమిలో లేనిదాన్ని కాదు, కొత్తగా సంపాదించుకున్నదాన్ని.

2015లో నేను పని చేసే బడి పక్కనే పాల కేంద్రం ఉండేది. బడి గోడ అవతల వేపచెట్టుకు ఒక మగదూడను కట్టి, మూతికి చిక్కం వేశారు. ఎనిమిదో తరగతికి జంతువుల నుంచి వచ్చే ఆహారం గురించి పాఠం చెబుతున్నా. పాడి, గుడ్లు, తేనె, అన్నీ బోర్డు మీద రాశా. ఒక పిల్లోడు లేచి, “టీచర్, పెయ్యదూడలు పాలిస్తాయి, మరి మగదూడలు ఏం చేస్తాయి?” అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీ పిల్ల, “మొన్న మా నాయన బండోడికి అమ్మాడు టీచర్, మూడొందలకి” అంది. క్లాసంతా మామూలుగానే ఉంది. ఆ పిల్లలకు అందులో దాచాల్సింది ఏమీ కనపడలా. నాకు మా తాత దబ్బనం కనపడింది. ఆ సాయంత్రం నుంచి నేను పాలు, పెరుగు, నెయ్యి ముట్టలా.

ఏడాదిన్నర పాటు మా గూడెంలో ఎవరూ ఈ సంగతి పట్టించుకోలా. పాలు తాగనామెను మా వాళ్లు వింతగా చూడరు. స్టాఫ్ రూమ్‌లో మాత్రం మొదటి రోజే తెలిసిపోయింది, టీ పాలతో కదా. “షుగరా టీచర్?” అన్నారు. “గ్యాసా?” అన్నారు. వాళ్లకు అంతకుమించి కారణం తోచలా.

మాంసం, గుడ్డు మానింది 2017లో. పాలకు ఏ లెక్క చెప్పానో మాంసానికీ అదే లెక్క అయింది. పాల కేంద్రం నుంచి బండెక్కిన దూడ పోయేది కబేళాకే. పాల ఇల్లూ కబేళా ఒకే దొడ్డికి రెండు వాకిళ్లు. ఒక వాకిలి మూసి ఇంకోటి తెరిచి పెట్టుకోవడం నా మనసుకు ఒప్పలా. ఇది నా సంగతి. నాలుగో మనిషికి దీన్ని చట్టం చేసే హక్కు నాకు లేదు.

కానీ ఆ కాలం ఎట్టాంటిదో గుర్తుంచుకోండి. 2015 సెప్టెంబరులో దాద్రీలో ఆవు మాంసం దాచాడన్న వదంతి మీద ఒక ముస్లింను ఇంట్లోంచి లాగి చంపారు. 2016 జులైలో గుజరాత్ ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత యువకులను ఇనప గొట్టాలతో కొట్టారు. ఆ ఆగస్టులోనే మన అమలాపురంలో, కరెంటు షాక్ కొట్టి చచ్చిన ఆవు తోలు ఒలవడానికి పోయిన దళితులను కట్టేసి కొట్టారు. ఊనా తర్వాత గుజరాత్ దళితులు చచ్చిన పశువులను తెచ్చి ప్రభుత్వ ఆఫీసుల ముందు పడేసి, మీ తల్లిని మీరే ఎత్తుకోండి అన్నారు. అంతకు ముందు 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండగ చేసుకుంటే వాళ్ల మీద దాడి జరిగింది. ఇట్టాంటి రోజుల్లో ఒక మాదిగ బిడ్డ మాంసం మానితే ఆ మానడం ఎవరి ఖాతాలో పడుద్ది? నన్ను నిద్ర పోనియ్యని ప్రశ్న ఇది. నేను ఉస్మానియా పిల్లల పక్షాన ఉన్నదాన్ని. ఇప్పటికీ అక్కడే ఉన్నా. పెద్దకూర తినే హక్కు కోసం నిలబడడానికి పెద్దకూర తిని చూపించాల్సిన పని లేదని నా నమ్మకం. కానీ ఆ నమ్మకాన్ని రోజూ రుజువు చేసుకోవాల్సి వచ్చింది, బడిలోనూ, ఇంట్లోనూ.

బడిలో ముందు సంగతి. మాంసం మానానని తెలిసిన వారంలోనే ఒక మేడం నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసింది. నాలుగేళ్లలో ఆమె నన్ను తాకడం అదే మొదలు. “మంచి పని చేశారు. చదువుకు తగ్గ సంస్కారం వచ్చింది. ఇంక మీరూ మాలో మనిషే” అంది. మర్నాడు డబ్బాలో దద్దోజనం తెచ్చి నా ముందు పెట్టింది. నేను పెరుగు తిననని చెప్పా. ఆమె మొహం మారిపోయింది. “పాలు కూడా మైలేనా మీకు? పాలకంటే పవిత్రమైంది ఏముంది?” అంది. అప్పుడు నేను మా తాత కుట్టిన దూడ సంగతి చెప్పా. తల విడిపోకుండా ఎట్టా ఒలుస్తారో, గడ్డి ఎట్టా కూరతారో, గేదె ఎట్టా నాకుద్దో అంతా చెప్పా. స్టాఫ్ రూమ్‌లో పది మంది ఉన్నారు. ఒక్కరూ మాట్లాడలా. ఆమె డబ్బా మూత పెట్టేసుకుంది. ఆ తర్వాత ఆమె చెయ్యి మళ్లీ నా భుజం మీద పడలా.

నేను మాంసం మానితే వాళ్లకు దగ్గరైనట్టు, పాలు మానితే వాళ్లను అవమానించినట్టు. రెండు మానడాల వెనకా ఉన్నది ఒకే దూడ అని చెబితే వినేవాళ్లు లేరు. 2014లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సర్వేలో పదిహేనేళ్లు దాటిన వాళ్లలో నూటికి 98 మంది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మాంసం తినేవాళ్లేనని తేలింది. ఆ మిగిలిన ఇద్దరి తిండికి ‘సంస్కారం’ అని పేరు ఎట్టా వచ్చింది? వాళ్లు జీవహింస మానినందుకు కాదు. అట్టా అయితే పాలూ నెయ్యీ కూడా మానేవాళ్లు. ఎవరు తింటే అది సంస్కారం అన్నది కులాన్ని బట్టి తేలింది, కంచాన్ని బట్టి కాదు.

ఇంట్లో సంగతి ఇంకా కష్టం. బయటి వాళ్లతో వాదించొచ్చు, ఇంట్లో వాళ్లతో కలిసి తినాలి.

మా ఆయన లారీ మెకానిక్. ముందు కోప్పడ్డాడు. “మనోళ్లు ఏమనుకుంటారు? పెళ్లికి పోతే నువ్వు పప్పు మెతుకులు ఏరుకుంటా కూచుంటే నన్నడుగుతారు” అన్నాడు. ఆయన భయం నిజమే. మా ఆడపడుచు కొడుకు పెళ్లిలో ఒక పెద్దాయన నా ఆకు చూసి, “ఏమ్మా, జంజెం ఎప్పుడేస్తన్నావు?” అని గట్టిగా అన్నాడు. పందిరంతా నవ్వింది. నేనూ నవ్వా. “జంజెం వేసుకునేవాళ్లు నెయ్యి తాగుతారు పెదనాయనా, నేను అదీ తాగను” అన్నా. మళ్లా నవ్వారు గానీ ఈసారి నా వైపు నిలబడి నవ్వారు.

మా అత్త మాత్రం నవ్వలా. ఆమె నా మీద అలిగి వారం రోజులు మాట్లాడలా. ఆమె చేతి తునకల కూర మా బంధువుల్లో పేరున్న కూర. మొగుడు పోయాక ఆ ఎండు తునకల మీదే ముగ్గురు పిల్లల్ని సాకింది. “నా చేతి కూడు నీకు రోతయిందా మే?” అని ఒక రాత్రి అడిగింది. ఆ ‘రోత’ అనే మాట దగ్గర నాకు మొత్తం అర్థమైంది. మా తిండిని రోత అన్నవాళ్ల మధ్య ఆమె అరవై ఏళ్లు బతికింది. ఇప్పుడు ఇంట్లోకొచ్చిన కోడలు అదే మాట నోటితో అనకుండా కంచంతో అంటందని ఆమె బాధ. నేను ఎన్ని దూడల కథలు చెప్పినా ఆ బాధ పోదు. మాటలతో పోయేది కాదది.

ఆ రోజుల్లోనే మా ఆయన మెత్తబడి, ఒంగోలు నుంచి ఒక స్టీలు గిన్నెల సెట్టు తెచ్చాడు. నాకు వేరే గిన్నెలు, వేరే గరిటె, వేరే కంచం. మంచి మనసుతోనే తెచ్చాడు. నేను వాటిని చూస్తా వుంటే చూరులో మా నాయన గ్లాసు కనపడింది. వేరే గ్లాసుతో పెరిగిన ఇల్లు మాది. ఆ ఇంట్లో మళ్లా నా చేతులతో వేరే గిన్నె పెట్టనా? పెడితే, ఇవాళ గిన్నె వేరు, రేపు పొయ్యి వేరు, ఎల్లుండి గది వేరు. అప్పుడు నేను మానింది మాంసం కాదు, మా అత్తను. ఆ సెట్టు అట్టాగే మూట కట్టి తిరిగి ఇచ్చి రమ్మన్నా.

అప్పటి నుంచీ మా ఇంట్లో పద్ధతి ఇది. అవే గిన్నెలు. మా అత్త కూర వండిన గిన్నె తోమి అందులోనే నేను పప్పు వేస్తా. ఆదివారం మాంసం మా ఆయనే వండుతాడు, లేకపోతే అత్త వండుద్ది. పక్క పొయ్యి మీద నేను నా కూర వండుకుంటా. ఒకే చాప మీద కూచుని తింటాం. అత్త కంచం నేను ఎత్తుతా, నా కంచం ఆమె ఎత్తుద్ది. కూర గరిటె నా పప్పులో పడితే పడింది. నేను లేచిపోను. ఇట్టా అయితే నువ్వు అసలు వీగన్‌వే కాదని ఒక చదువుకున్న స్నేహితురాలు అంది. కాకపోతే పోనీ. జంతువును బాధపెట్టొద్దని మానినదాన్ని, గిన్నె తాకిందని మనిషిని బాధపెడితే ఆ మానడానికి అర్థం లేదు. నోరు నాది, గిన్నె అందరిదీ. మానడానికీ మైలకీ మధ్య గీత ఈ గిన్నె దగ్గరే ఉంది. ఆ గీత దాటకుండా ఎనిమిదేళ్లుగా నెట్టుకొస్తన్నా.

అత్త అలక తీరింది కూడా మాటలతో కాదు. నేను ఆమెను పాతకాలపు కూరలు అడగడం మొదలుపెట్టా. కరువు రోజుల్లో ఏం తినేవాళ్లు, ఏ ఆకు ఏ నెలలో వచ్చుద్ది, అలసందలు ఎట్టా వండుతారు అని. పొన్నగంటాకు, చెంచలాకు, జొన్న గటక, చింతచిగురు. ఇవన్నీ ఆమెకు లేమి తిండి. నాకు కావాల్సిందీ అదే. ఉలవల సంగతి చెబుతా. రైతుల ఇళ్లలో ఎద్దులకు ఉలవలు ఉడకేసి పెట్టేవాళ్లు. ఆ ఉడికిన నీళ్లు పాలేళ్లు అడిగి తెచ్చుకుని చారు కాచుకునేవాళ్లు. ఇప్పుడు అదే ఉలవచారు మీద మీగడ పోసి పెద్ద హోటళ్లలో అమ్ముతున్నారు. మా అత్త మీగడ లేకుండా కాచుద్ది. ఆ వంటల దగ్గర ఆమె నాకు గురువు, నేను శిష్యురాలిని. తన చేతి కూడు కోడలికి రోత కాలేదని ఆమెకు ఆ పొయ్యి దగ్గరే నమ్మకం కుదిరింది.

2018లో రెండో కానుపు వచ్చింది. అప్పుడు మళ్లా ఇల్లంతా కలిసి నా మీద పడ్డారు. “పాలు తాగకపోతే బిడ్డకు పాలు ఎట్టా పడతాయే?” అంది అత్త. “గేదె పాలు తాగుద్దా అత్తా? దానికి పడటం లేదా?” అన్నా. నవ్వింది గానీ ఊరుకోలా. నేను సైన్సు టీచర్ని, పంతానికి పోయే పని కాదిది. డాక్టరమ్మకు నేను ఏం తింటానో, ఏం తిననో అంతా చెప్పి, ఆమె రాసిన ఐరన్, ఫోలిక్ యాసిడ్, కాల్షియం మాత్రలు వాడా. బీ12 విటమిన్ మొక్కల తిండిలో నమ్ముకోదగ్గట్టు దొరకదు. మాంసం, గుడ్డు, పాలు మూడూ మానేవాళ్లు దానికి మాత్ర వేసుకోవాల్సిందే. ఈ మాట దాచిపెట్టి ఎవరికైనా ఈ తిండి సలహా ఇవ్వడం ద్రోహం. రాగుల్లో, నువ్వుల్లో, మునగాకులో కాల్షియం ఉంటది. పప్పుల్లో, వేరుశెనగల్లో మాంసకృత్తులు ఉంటాయి. బిడ్డ బాగానే పుట్టాడు, పాలూ పడ్డాయి.

కానీ ఈ మాత్రలు, ఈ పప్పులు, ఈ నువ్వులు జీతం మీద వస్తన్నాయి. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయింది. ఆ డబ్బుతో మా గూడెం వాళ్లు పెద్దకూర తెచ్చుకుని ఇంటిల్లిపాదీ రెండు పూటలు తినేవాళ్లు. కలుపు తీసి వచ్చిన మా చిన్నమ్మకు పోయి, నువ్వూ మానవే అని చెప్పడానికి నాకు నోరు రాదు, రాకూడదు. ఆమె ఒంటికి చౌకగా బలమిచ్చే తిండి అదొక్కటే. నా ఎంపిక నా ఉద్యోగంతో వచ్చింది. నెలాఖరుకు జీతం పడే మనిషి తన కంచాన్ని చూపించి కూలి మనిషికి నీతి చెప్పడం కొత్త రకం పెత్తనం.

ఈ సంగతి నన్ను ఒకసారి గట్టిగానే పరీక్ష పెట్టింది. మా బడిలో మధ్యాహ్న భోజనంలో వారానికి అయిదు రోజులు గుడ్డు ఉంటది. సగం మందికి పైగా మా పిల్లలు, ఎరుకల పిల్లలు, యానాది పిల్లలు. కొందరు ఇంటి దగ్గర ఏమీ తినకుండా వస్తారు. గుడ్డు రోజు హాజరు ఎంత ఉంటదో రిజిస్టరు చూస్తే తెలుస్తది. 2021 డిసెంబరులో కర్ణాటకలో బడి పిల్లలకు గుడ్లు పెట్టడం మొదలుపెడితే కొందరు మఠాధిపతులు అడ్డం పడ్డారు. ఆ రోజుల్లోనే మా ఊళ్లోనూ కొందరు పెద్దలు ఒక అర్జీ పట్టుకుని బడికి వచ్చారు. గుడ్డు తీసేసి అరటిపండు, పాలు ఇవ్వాలంట. అర్జీ తిన్నగా నా దగ్గరికే తెచ్చారు. “టీచరమ్మా, మీరే ముందు సంతకం పెట్టాలి. మీ వాళ్లలో పుట్టి మీరే మానేశారు. మీ సంతకం ఉంటే ఎవరూ కాదనలేరు” అన్నారు.

నా సంతకానికి వాళ్లకు ఎంత విలువ తెలిసిందో చూడండి. నా చదువుకు కాదు, నా ఉద్యోగానికి కాదు, నేను మానినందుకు విలువ. నేను మానినదాన్ని తీసుకుపోయి మా పిల్లల నోటి దగ్గర గుడ్డు లాగడానికి వాడుకోవాలని చూశారు. నేను ఆ కాయితం వెనక్కి తిప్పి, “నేను గుడ్డు తినను. ఈ బడిలో గుడ్డు ఆగితే మాత్రం పిల్లల తల్లుల్ని వెంటబెట్టుకుని ఎంఈఓ ఆఫీసు ముందు కూచునేది నేనే” అని చెప్పా. ఆ మధ్యాహ్నం గుడ్లు ఒలిచి పిల్లల కంచాల్లో వేసింది నేనే. అప్పటి నుంచీ ఊళ్లో నన్ను ‘సంస్కారం ఉన్న టీచరు’ అనడం మానేశారు. నా మనసు తేలికైంది. అర్జీ ఏమైందో తెలవదు, గుడ్డు మాత్రం ఆగలా.

మానడం అనేదానికి మన చరిత్రలో రెండు దారులున్నాయి. 1948లో అచ్చయిన పుస్తకంలో, అంటరానివాళ్లు ఎవరు, ఎట్టా అంటరానివాళ్లయ్యారు అని అంబేడ్కర్ వెతికారు. ఒకప్పుడు గోమాంసం తిన్న బ్రాహ్మణులు బౌద్ధం మీద పైచేయి కోసం దాన్ని మానారనీ, చచ్చిన ఆవు మాంసం తింటా ఉండిపోయిన వాళ్లు అంటరానివాళ్లయ్యారనీ ఆయన వాదించారు. అది పైకెక్కడానికి మానడం. 1927 మార్చిలో మహద్‌లో అదే అంబేడ్కర్ చచ్చిన పశువుల మాంసం తినొద్దని మన వాళ్లకు చెప్పారు. అది ఎవరి విదిలింపు మీదా బతకొద్దని, తలెత్తడానికి మానడం. 1956 అక్టోబరు 14న నాగపూరులో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ప్రాణుల మీద దయ ఉంది, తాగుడు మానడం ఉంది. మాంసం తిననని మాత్రం లేదు. దయను ఆయన కంచానికి కట్టెయ్యలా, మనిషికి వదిలిపెట్టారు. నేను మానింది మొదటి దారిలో కాదని చెప్పుకోవడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

మా ముందు గది గోడకు ఒక డప్పు వేలాడుతుంటది. మా తాత చేసింది. నేను తోలు చెప్పులు వేసుకోను, రబ్బరు చెప్పులే. అది చూసి ఒకసారి మా తమ్ముడు, “మరి ఈ డప్పు సంగతేందక్కా, ఇదీ తోలేగా” అన్నాడు. అది చచ్చిన గొడ్డు తోలు, చంపిన తోలు కాదు అని చెప్పొచ్చు. కానీ ఆ తెలివి జవాబు నాకు నచ్చలా. ఆ డప్పులో చచ్చిన పశువూ ఉంది, దాన్ని ఎత్తమని పిలిచిన ఊరూ ఉంది, ఎత్తిన మా తాత చేతులూ ఉన్నాయి. దాన్ని దించితే నా లెక్క సరిపోద్ది గానీ మా తాత లేకుండా పోతాడు. డప్పు అక్కడే ఉంటది. ఊరేగింపులకు, అంబేడ్కర్ జయంతికి మా తమ్ముడు దాన్ని కాచి, వాయిస్తాడు.

చదువుకుంటున్న పిల్లలకు, ఉద్యమంలో ఉన్న అన్నలకు, అక్కలకు నేను చెప్పేది ఒక్కటే. మనం ఏం తినాలో ఊరు చెప్పింది ఇన్నాళ్లు. తినకూడదని ఊరే చెబుతంది ఇప్పుడు. ఈ రెంటికీ మధ్య మన కంచం గురించి మనం మాట్లాడుకునే చోటు ఒకటి కావాలి. అక్కడ పెద్దకూర తినేవాళ్లూ ఉండాలి, నాలాంటి వాళ్లూ ఉండాలి. తిన్నందుకు కొడితే అందరం కలిసి అడగాలి. మానినందుకు మెచ్చుకుంటే, ఎందుకు మెచ్చుకుంటన్నారో అది కూడా అడగాలి.

మా పెద్దదానికి పదకొండేళ్లు. అది నాయనమ్మ తునకల కూర ఇష్టంగా తింటది, టీలో పాలు వద్దంటది. ఎందుకని నేనడగలా. చిన్నోడు గుడ్డు కోసం బడి మానడు. ఎవరి కంచం వాళ్లది. రాత్రి నలుగురూ తిన్నాక గిన్నెలన్నీ ఒకే గంగాళంలో పడతాయి. తోమే వంతు ఈ నెల మా ఆయనది.